వాటంతటవే విరిగిన పాలు

ఈ సంగతి రాసిపెట్టాల్సి వచ్చింది ఎందుకంటే, మా ఊళ్లో దీన్ని ఇప్పటికే రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఒక కథలో నేను బిస్కెట్లు చేసి తల్లిని బతికించుకున్న బిడ్డను. రెండో కథలో పుట్టింటి బర్రె పొదుగు ఎండబెట్టిన ఆడబిడ్డను. రెండూ నిజం కావు. నిజం ఈ రెంటి కంటే చిన్నది. దాన్ని ఎవరూ చెప్పుకోరు కాబట్టి నేనే రాయాలి.

ఇంకో కారణం కూడా ఉంది. నేనుండే వికారాబాద్‌లో, గ్రంథాలయంలో పోషకాహారం మీద ఉన్న పుస్తకాలన్నీ నేను చదివాను. పదో తరగతితో చదువు ఆగిపోయిన దాన్ని. బ్లౌజులు కుట్టుకుంటూ, మధ్యాహ్నం మిషన్ ఆపేసి రెండు గంటలు ఆ బల్లల దగ్గర కూర్చొని నేర్చుకున్నదే నా చదువు. దాని గురించి నాకు గర్వం ఉంది, దాచుకోను. ఆ పుస్తకాల్లో ఏది తింటే ఎంత బలమో పట్టికలు ఉన్నాయి. తినాల్సిన మనిషి వద్దంటే ఏం చేయాలో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

మా అమ్మ తాండూరు పక్కన, కరణ్‌కోట దారిలో ఉన్న మా ఊళ్లో తమ్ముడి దగ్గర ఉంటుంది. మాది గొర్రెలు, బర్రెలు కాసిన ఇల్లు. గొర్రెలు నాన్నతోనే పోయాయి. రెండు బర్రెలు మిగిలాయి. శివరాత్రికి ముందు అమ్మకు టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు మింగాలన్నారు. ఆ రోజు తూకం మీద నిలబడితే ముప్పై నాలుగు కిలోలు. ఆమె కట్టుకున్న చీర బరువు కూడా అందులోనే కదా అనుకున్నాను.

డాక్టరమ్మ గుడ్లు, మాంసం, చేపలు పెట్టమంది. అమ్మ మెడలో తులసి మాల చూపించింది. నాన్న చనిపోయిన ఏడాది పండరిపురం వెళ్లి వేసుకున్న మాల అది. అది వేసుకున్నవాళ్లు నీసు ముట్టరు, గుడ్డు కూడా నీసే. అయితే పాలు, పప్పు ఎక్కువ తీసుకొమ్మంది డాక్టరమ్మ. తాండూరు కందిపప్పుకు కొదవేముంది? కానీ మాత్రలు మొదలైన వారానికే అమ్మకు పాల వాసన పడలేదు. పప్పు చూస్తే వాంతి వచ్చేది. జొన్నరొట్టెలో పావు వంతు తుంచి, మిగతాది కొంగు కింద పెట్టుకొని తిన్నానని చెప్పేది. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, ఆ ముక్కలు ఏరి కోళ్లకు వేసేది. నాకు ఫోన్ చేసి ఏడ్చేది.

ఆమె మానకుండా తిన్నది ఒక్కటే. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు బిస్కెట్లు. చాయ్‌లో ముంచుకొని, విరిగి పడకముందే నోట్లో పెట్టుకునేది. అందులో ఆమెకు నేర్పు ఉంది.

బలం ఆ బిస్కెట్‌లోనే పెడితే? ఈ ఆలోచన నాదే. కానీ దారి ఫోన్‌లో దొరికింది. ఎవరో పట్నం అమ్మాయి, వ్యాయామం చేసేవాళ్ల కోసం ప్రోటీన్ కుకీలు చేసి చూపిస్తోంది. మైదా తక్కువ, కాటేజ్ చీజ్ ఎక్కువ. కాటేజ్ చీజ్ అంటే ఏమిటో తెలియక గ్రంథాలయంలో నిఘంటువు తెరిచాను. చీజ్ అంటే జున్ను అని ఉంది. మా చిన్న బర్రె మాఘంలో ఈనింది, జున్నుపాలు ఎప్పుడో అయిపోయాయి. రెండు రోజులు దిగులుపడి, ఆ వీడియో మళ్లీ చూస్తే అప్పుడు తెలిసింది, అది జున్ను కాదు, విరిగిన పాల ముద్ద. పన్నీరుకు ముందు దశ. వేడి పాలలో నిమ్మరసం పిండితే అయిపోతుంది. నవ్వుకున్నాను. పాలకు మా ఇంట్లో లోటా?

ఆదివారం పాసింజర్‌లో తాండూరు దిగి, నాలుగు నిమ్మకాయలు కొనుక్కొని, ఆటోలో ఊరికి వెళ్లాను. మరదలు పొయ్యి మీద పాలు పెట్టింది. నేను నిమ్మకాయ కోశాను. మంచం మీద పడుకున్న అమ్మ, కోసిన వాసనకే లేచి కూర్చుంది.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

చెప్పాను. నీకోసమే అన్నాను. ఆమె గోడ పట్టుకొని వంటింటిదాకా వచ్చి, పొయ్యి మీది పాల సర్వ కిందికి దించింది. ఆ రోజుల్లో ఆమెకు చెంబు ఎత్తడానికే చేతనయ్యేది కాదు.

"ఇరిగిపోతె ఇరిగిపోయినయి, అది దేవుని పని. చేతులార ఇరగ్గొడితె పొదుగు ఎండుతది. మీ నాయిన తల్లి చెప్పింది, ఆమె తల్లి చెప్పింది."

నేను ఊరుకోలేదు. మరి తోడు వేస్తున్నాం కదా, అదీ పులుపే కదా, లోపల జరిగేది ఇంచుమించు ఒకటే అని పుస్తకంలో చదివింది చెప్పాను. అమ్మ నిలబడే ఓపిక లేక గడప మీద కూర్చుంది.

"తోడేస్తె పాలు పండుకుంటయి. నిమ్మకాయ పిండితె సస్తయి. గంత సదివినవ్, గిది తెల్వదా?"

మరదలు పొయ్యి వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. ఆ నాలుగు నిమ్మకాయలూ పులిహోరకు పోయాయి. అమ్మ అదీ తినలేదు.

తిరిగి వికారాబాద్ వచ్చాక నేను చేసిన పనికి ఎవరి అనుమతీ అడగలేదు. పాకెట్ పాలు కొన్నాను. మా ఇంట్లో, మా పొయ్యి మీద విరగ్గొట్టాను. పాత ధోవతి గుడ్డలో వడకట్టి, కుట్టుమిషన్ బల్ల అంచుకు కట్టి, నీళ్లు కారిపోనిచ్చాను. పుట్నాల పిండి, దంచిన పల్లీలు, కొంచెం గోధుమపిండి, చక్కెర, నెయ్యి కలిపాను. వీడియోలో అమ్మాయి గుడ్డు కొట్టింది. నేను వదిలేశాను. కుక్కర్‌లో ఇసుక పోసి కాల్చితే అడుగు మాడి, పైన పచ్చిగా మిగిలింది.

అప్పుడు తాండూరు బేకరీ గుర్తొచ్చింది. మా వైపు పెండ్లికో, బాలింతకో ఇంటి బిస్కెట్లు చేయించుకోవడం మామూలే. పిండి, చక్కెర, డాల్డా మనమే తీసుకుపోతే కలిపి, అచ్చు వేసి, భట్టీలో కాల్చి ఇస్తారు. నేను మాత్రం కలిపిన ముద్దనే డబ్బాలో పెట్టుకొని రైలెక్కాను. బేకరీ మాస్టరు డబ్బా మూత తీసి వాసన చూశాడు.

"అక్కా, గిండ్ల గుడ్డు లేదు, డాల్డా లేదు, మైదా లేదు. మరి బిస్కెట్ యాడున్నది?"

కథంతా చెప్పాను. అతను రేకు ట్రేలో అచ్చులు వేసి లోపలికి తోశాడు. బయటికి వచ్చినవి ఇడ్లీల్లా మెత్తగా ఉన్నాయి. ఒకటి తీసి తన చాయ్ కప్పులో ముంచి, చాలాసేపు పట్టుకున్నాడు. పైకి తీస్తే చుక్క కూడా పీల్చుకోలేదు.

"చాయ్ తాగని బిస్కెట్‌ను మీ అమ్మ ఎందుకు తింటది?"

ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. అతనే ఉపాయం చెప్పాడు. రస్కులు రెండుసార్లు కాలుస్తారు కదా, అలాగే. ముద్దను రొట్టెలా కాల్చి, చల్లారాక పలుచని ముక్కలు కోసి, పనంతా అయ్యాక ఆరిపోతున్న భట్టీలో ఆ వేడి మీదే వదిలేశాడు. నేను బెంచీ మీద కూర్చొని ఎదురుచూశాను. ఈసారి ముక్క చాయ్‌లో పెడితే బుడగలు వచ్చాయి. "తాగుతున్నది" అన్నాడు మాస్టరు, తన బిడ్డ మొదటిసారి గుటక వేసినట్టు.

అమ్మ ఒకటి కొరికి నా మొహం చూసింది. ఏం కలిపానని అడిగింది. కోవా అన్నాను. కోవా తియ్యగా ఉంటుంది కదా అంది. చక్కెర తగ్గించానన్నాను. నాలుగు తిన్నది. సాయంత్రం తనే అడిగింది.

అలా ఐదు వారాలు. ప్రతి ఆదివారం పాల ముద్ద పట్టుకొని రైలు, బేకరీ, ఆటో. దవాఖానలో తూకం ముప్పై ఐదున్నర చూపించింది. కిలోన్నర. ఆ కాగితం నేను గ్రంథాలయానికి తీసుకుపోయి పుస్తకాలిచ్చే ఆయనకు చూపించాను. నా తల్లి బరువు ఆయనకెందుకు? కానీ ఆయన అద్దాలు సర్దుకొని చదివి, శభాష్ అన్నాడు. ఆ నెలంతా నాకు చాలా తెలుసని అనిపించింది.

ఉగాది దాటిన రెండో వారం మరదలు ఫోన్ చేసింది. చిన్న బర్రె ఒక చన్ను వాచింది. చెయ్యి పెట్టనివ్వడం లేదు. పిండితే పాలు రావడం లేదు, నీళ్లూ గడ్డలూ వస్తున్నాయి. "వదినె, పొదుగులనే ఇరిగిపోయినట్టున్నయి" అంది. ఆ మాట వినగానే చేతిలో ఉన్న బ్లౌజు పక్కన పెట్టి రైలు వేళ చూసుకున్నాను. ఎందుకంటే ఆ గడ్డలు అమ్మ కూడా చూసి ఉంటుంది.

నేను వెళ్లేసరికి పశువుల డాక్టరు సూదులు వేసి వెళ్లిపోయాడు. పొదుగువాపు అన్నాడట. ఆ జబ్బు గురించి నేను చదివాను. తడి నేల, పేడ, పాలు పిండిన వెంటనే బర్రె అందులో పడుకోవడం, చన్ను రంధ్రంలోంచి క్రిములు లోపలికి పోవడం. అమ్మ బర్రె దగ్గరే పీట వేసుకొని కూర్చుంది. చదివిందంతా చెప్పాను. విన్నది.

"పుస్తకంల గట్ల రాసిండ్రా? రాసినాయనకు బర్రెలున్నయా?"

తర్వాత బర్రె మీద చెయ్యి తీయకుండానే అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. పాలు ఇరగ్గొట్టినవా?"

"మన బర్రెవి కాదమ్మా. పాకిట్ పాలు."

"పాకిట్ పాలు పాకిట్ ఇచ్చిందా? యాడనో ఒక బర్రె ఇచ్చింది. ఆడ ముట్టాల్సిన పాపం తొవ్వ తప్పి మనకాడికొచ్చింది."

కోపం లేదు ఆ గొంతులో. కోపమే ఉంటే నేను వాదించేదాన్ని. లేచి లోపలికి వెళ్లింది. బిస్కెట్ల డబ్బా తెచ్చింది. ఆ వారం చేయించినవి సగం పైనే ఉన్నాయి. కుడితి తొట్లో ఒక్కొక్కటీ వేసింది. బర్రెది బర్రెకే అంది. నొప్పితో రెండు పూటలుగా మేత ముట్టని బర్రె, ఆ బిస్కెట్లు నాలుకతో వెతుక్కొని తిన్నది. నా తల్లి కోసం రెండుసార్లు కాల్చినవి అవి.

నన్ను విడిపించే మాట ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని అప్పుడు అనలేకపోయాను. అమ్మ బాగున్నన్నాళ్లూ కొట్టంలో తడి ఉండేది కాదు. రోజుకు రెండుసార్లు పేడ తీసి, పొడి మన్ను, బూడిద చల్లేది. పాలు పిండాక బర్రెకు గడ్డి వేసి కాసేపు నిలబెట్టేది, పడుకోనిచ్చేది కాదు. ఎందుకని ఏనాడూ చెప్పలేదు, చేసేది అంతే. అమ్మ మంచం పట్టాక ఆ పని మరదలి మీద పడింది. ఇద్దరు పిల్లలు, వంట, అమ్మ మందులు, రెండు బర్రెలు. కొట్టం తడిసే ఉండేది. నేను చూశాను, ప్రతి ఆదివారం. ఆ మాట చెబితే పొదుగు పాపం నా మీంచి పోయి మరదలి మీద పడుతుంది. లేదా అమ్మ జబ్బు మీద, అంటే అమ్మ మీదనే పడుతుంది. పుస్తకం చెప్పిన నిజం నా నోట్లోనే ఉండిపోయింది. ఊళ్లో రెండో కథ అక్కడే పుట్టింది.

ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి మరదలిని ముందే అడిగాను. "రాయి వదినె. నాకు రెండు చేతులే ఉన్నయని గూడ రాయి" అంది. రాశాను.

సూదులకు వాపు తగ్గింది కానీ ఆ చన్ను పోయింది. ఇప్పుడు ఆ బర్రెకు మూడే చన్నులు. అమ్మ నా చేతి బిస్కెట్ మళ్లీ ముట్టలేదు. విరిగిన పాలు లేకుండా పుట్నాలు, పల్లీలతోనే చేయించి తెచ్చాను. "నువ్వేమీ కలపలేదనే అంటవ్, నాకెట్ల తెలుస్తది?" అంది. అది నిజమే కదా. ఒకసారి కోవా అని చెప్పినదాన్ని. దుకాణం బిస్కెట్లు చాయ్‌లో ముంచుకునేది, అవీ రెండే. నేను బతిమాలాను. డాక్టరమ్మతో చెప్పించాను. ఒక ఆదివారం ఆమె కాళ్ల దగ్గర కూర్చొని, నీకేమన్నా అయితే అని మొదలుపెట్టి ముగించలేకపోయాను. ఆమె నా తల నిమిరింది. "నాకోసమే చేసినవ్ గద బిడ్డా. గందుకే తప్పు నాది" అంది. తూకం ముప్పై నాలుగున్నరకు దిగింది. మాత్రలు మాత్రం ఒక్క రోజూ తప్పకుండా మింగింది. మాత్రలకు నేనేమీ కలపలేనని ఆమెకు తెలుసు.

ఆ ఎండాకాలం మా వైపు నాపరాళ్ల గనుల మీద చెప్పులతో నిలబడినా కాలు కాలేది. వైశాఖంలో ఒక రోజు మరదలు పిల్లలకు జ్వరమని దవాఖానకు పోయి, పొద్దున పిండిన పాలు కాచడం మరిచిపోయింది. మధ్యాహ్నం వచ్చి పొయ్యి మీద పెడితే విరిగిపోయాయి. పారబోయడానికి వాకిట్లోకి తీసుకుపోతుంటే అమ్మ ఆపింది. పాలు పారబోస్తే అంతకంటే పాపమట. వాటంతటవే విరిగిన పాలకు దోషం లేదట. మా చిన్నప్పుడు అలాంటి పాలలో బెల్లం వేసి దగ్గరికి కాచి పెట్టేది, నాకూ గుర్తుంది. మరదలు బెల్లం డబ్బా తీయబోతే అమ్మ వద్దంది.

"మీ వదినెకు ఫోన్ చెయ్యి. గుడ్డల కట్టి పెట్టినమని చెప్పు."

నేను మిషన్ మీద కుడుతున్న బ్లౌజు అలాగే వదిలేసి రైలెక్కాను. ఆ ముద్ద అరచేతి కంటే పెద్దది కాదు. బేకరీ మాస్టరు చూసి ఇంతేనా అన్నాడు. ఇంతే అన్నాను. పద్నాలుగు ముక్కలయ్యాయి. అమ్మ నాలుగు రోజులు తిన్నది.

అప్పటినుంచి మా పని ఎదురుచూడటమే. పాలు విరగాలి. మేం విరగ్గొట్టకూడదు. వేసవి ఉన్నన్నాళ్లూ వారానికి ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు మరదలి ఫోన్ వచ్చేది. కావాలనే కాచడం లేదా అని అడిగితే, "నేనెందుకు గట్ల చేస్త వదినె" అనేది. ఒకసారి నేను అక్కడే ఉండగా, ఆమె పొద్దున్నే సర్వ పొయ్యి మీద పెట్టబోతే, అమ్మ మంచం మీంచి, ఇప్పుడే ఎందుకు, ముందు పిల్లలకు అన్నం పెట్టు, పాలెక్కడికి పోతాయి అంది. మరదలు సర్వ తీసి కిటికీ పక్కన పెట్టింది, ఎండ వచ్చే వైపు. నేను వాకిట్లోకి వెళ్లిపోయాను. నేను చూస్తే అది చేతులార చేసినట్టవుతుందేమోనని భయం వేసింది.

మృగశిర కార్తె దాటి వానలు పడ్డాయి. ఇల్లంతా చల్లబడింది. సాయంత్రందాకా కాచకపోయినా పాలు విరగడం లేదు. వికారాబాద్‌లో మా వీధి వాళ్లంతా వానకు సంబరపడుతుంటే నేను మబ్బు వైపు చూస్తూ కూర్చుంటున్నాను. పోయిన సోమవారం తూకం ముప్పై ఐదు. కఫం పరీక్షలో క్రిములు లేవన్నారు. కానీ ఈ బరువుతో మందులు ఆపాక మళ్లీ రాదని చెప్పలేమన్నారు. మాత్రలు ఇంకో నెల ఉన్నాయి. నాకు తెలిసినవన్నీ నాకు ఇంకా తెలుసు. వాటితో చేయగలిగింది ఏమీ లేదు.

సాయం చేసినవాళ్లను పేరుపేరునా తలచుకోవాలనుకున్నాను. కాగితం మీద పేర్లెక్కితే దిష్టి తగులుతుందని అమ్మ వద్దంది. కాబట్టి వాళ్లను వాళ్ల పనితోనే చెబుతున్నాను. ఇప్పటికీ పద్నాలుగు ముక్కల కోసం ఆరిపోయే భట్టీని నాకు వదిలే బేకరీ మాస్టరుకు దండాలు. బయటికి ఇవ్వకూడని పశువైద్యం పుస్తకాన్ని వారం రోజులు నా సంచిలో పెట్టిన గ్రంథాలయం ఆయనకు. పిలిచిన గంటకే బండి మీద వచ్చిన పశువుల డాక్టరుకు. అమ్మ కొంగు కింద దాచిన రొట్టె ముక్కల గురించి సూటిగా అడిగిన డాక్టరమ్మకు. మూడు చన్నులతోనే రెండు పూటలా పాలిస్తున్న చిన్న బర్రెకు. రెండు చేతులే ఉన్న మా మరదలికి. ఇది రాస్తుండగానే ఆమె ఫోన్ చేసింది. నిన్న సాయంత్రం పిండిన పాలు ఇంతసేపటిదాకా ఉంచి కాచిందట. విరగలేదు. పక్కనే ఉన్న అమ్మ ఫోన్ తీసుకొని, "రేపు ఎండ కొడతదేమో బిడ్డా, చూద్దాం" అంది.